103 సెంటీమీటర్లు తక్కువా? 68–95–99.7 లెక్క కథ

అయిదేళ్లు నిండిన మగపిల్లాడు. ఎత్తు 103 సెంటీమీటర్లు. తక్కువా, ఫర్వాలేదా?

ఆ వయసు మగపిల్లల సగటు ఎత్తు 110 సెంటీమీటర్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక చెబుతుంది. ఆ మాట వినగానే తల్లి గుండె గుభేలుమంటుంది. ఏడు సెంటీమీటర్లు తక్కువ మరి! పక్కింటావిడ మాత్రం "మావాడూ అంతే ఉండేవాడమ్మా, ఆ తర్వాత తాటిచెట్టులా సాగలేదూ?" అని కొట్టిపారేస్తుంది. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒక్క అంకే, సగటు. ఏడు సెంటీమీటర్లంటే పెద్ద తేడానో చిన్న తేడానో ఆ ఒక్క అంకెతో ఎవరూ తేల్చలేరు. పిల్లలు మామూలుగానే సగటుకు అటూ ఇటూ ఎంత మేర చెదిరి ఉంటారో చెప్పే రెండో అంకె కావాలి.

అయిదుగురు పిల్లల్ని వరసలో నిలబెట్టండి. ఎత్తులు 104, 107, 110, 113, 116. సగటు 110. పక్కన ఇంకో వరస: 98, 104, 110, 116, 122. సగటు మళ్లీ 110. మన 103 వాడు మొదటి వరసలో చేరితే అందరికన్నా పొట్టి. రెండో వరసలో చేరితే వాడికన్నా పొట్టివాడు ఇంకొకడున్నాడు, వీణ్ని ఎవరూ ప్రత్యేకంగా చూడరు. ఈ చెదురును కొలవడానికి ఒక్కొక్కరూ సగటుకు ఎంత దూరంలో ఉన్నారో చూసి, ఆ దూరాల వర్గాలకు సగటు తీసి, దానికి వర్గమూలం కడతారు. మొదటి వరసలో దూరాలు 6, 3, 0, 3, 6. వర్గాలన్నీ కలిపితే 90, అయిదుతో భాగిస్తే 18, వర్గమూలం 4.24. రెండో వరసకు ఇదే లెక్క 8.49 ఇస్తుంది, సరిగ్గా రెట్టింపు. దీని పేరు ప్రామాణిక విచలనం. క్రమ విచలనం అన్నా ఇదే. మాటిమాటికీ పలకడానికి బరువైన పేరు కాబట్టి ఇక్కడ దీన్ని 'మెట్టు' అని పిలుచుకుందాం. అయిదేళ్ల మగపిల్లల ఎత్తుకు ఒక మెట్టు సుమారు 4.6 సెంటీమీటర్లు.

ఇప్పుడు అసలు సూత్రం. కొలతల్ని గీసినప్పుడు గంట బోర్లించినట్టు, నడుమ ఎత్తుగా, రెండు పక్కలా ఒకేలా వాలుతూ వస్తే, సగటుకు ఒక మెట్టు లోపల నూటికి 68 మంది ఉంటారు. రెండు మెట్ల లోపల 95 మంది. మూడు మెట్ల లోపల 99.7, అంటే దాదాపు అందరూ. మన పిల్లల విషయంలో 105.4 నుంచి 114.6 సెంటీమీటర్ల దాకా 68 మంది, 100.8 నుంచి 119.2 దాకా 95 మంది, 96.2 నుంచి 123.8 దాకా ఇంచుమించు అందరూ. పట్టిక తెరిస్తే కొన్ని అంకెలు 0.1 అటూ ఇటుగా కనిపిస్తాయి. మెట్టును నేను 4.6కు కుదించడం వల్ల వచ్చిన తేడా అది.

దీన్ని ఇంగ్లీషు పుస్తకాల్లో ఎంపిరికల్ రూల్ అంటారు, అనుభవం మీద తేలిన సూత్రమని అర్థం. నా దృష్టిలో ఇది తప్పుదోవ పట్టించే పేరు. ఈ మూడు అంకెలూ ఎవరో లెక్కపెట్టి చూస్తే తేలినవి కావు. గణితవేత్త అబ్రహాం డి మోయివర్ 1733లో బొమ్మా బొరుసుల లెక్కలోంచి బయటికి తీసిన వక్రరేఖ సూత్రంలోనే అవి ఉన్నాయి (కచ్చితంగా చెప్పాలంటే 68.27, 95.45, 99.73). అనుభవం చెప్పాల్సింది వేరే ఉంది: ఆ రేఖ ఏ కొలతలకు నప్పుతుంది, వేటికి నప్పదు అన్నది. బెల్జియం పండితుడు అడాల్ఫ్ కెట్లే 1846లో 5,700 పైచిలుకు స్కాట్లండ్ సైనికుల ఛాతీ కొలతల్ని ఈ రేఖతో పోల్చి చూపించాడు. సగటు 40 అంగుళాలకు దగ్గర, మెట్టు సుమారు 2 అంగుళాలు. బాగానే నప్పింది. అయితే ఆయన అక్కడితో ఆగలేదు. సగటు మనిషే ప్రకృతి గురిపెట్టిన మనిషి, మిగతావాళ్లంతా గురి తప్పిన బాణాల లాంటివాళ్లు అన్నాడు. ఇప్పటికీ పేరెంట్స్ మీటింగుల్లో మనం వినే మాట ఇంచుమించు అదే.

ఎత్తు గంట ఆకారంలోనే ఎందుకు వస్తుంది? దాన్ని నిర్ణయించేది ఒక్క పెద్ద కారణం కాదు, వందల చిన్న కారణాలు. జన్యువులు, కడుపులో ఉన్నప్పుడు తల్లి తిన్న తిండి, ఎన్నిసార్లు విరేచనాలయ్యాయి, పాలు ఎన్నాళ్లు తాగాడు, ఇలాంటివి. ఒక్కోటీ కాస్త పైకో కాస్త కిందికో తోస్తుంది. అన్నీ ఒకే వైపు తోయడం అరుదు. ఎక్కువసార్లు ఒకదాన్ని ఒకటి రద్దు చేసుకుంటాయి, అందుకే జనం నడుమన పోగవుతారు.

ఇక 103 దగ్గరికి వద్దాం. సగటుకు 7 తక్కువ, మెట్టు 4.6. భాగిస్తే ఒకటిన్నర మెట్లు కింద. నడిమి 68 మందికి రెండు పక్కలా కలిపి 32 మంది మిగులుతారు కాబట్టి ఒక మెట్టు కిందిగీతకు దిగువన 16 మంది. అలాగే రెండు మెట్ల కిందిగీతకు దిగువన రెండున్నర మంది లోపు, కచ్చితంగా 2.3. అంటే చక్కగా తిని పెరిగిన వందమంది పిల్లల్లోనూ వీడికన్నా పొట్టివాళ్లు ముగ్గురు నలుగురి నుంచి పదిహేను మంది దాకా ఉండొచ్చు. వీడు గీతకు పైనే ఉన్నాడు.

గీత అంటే మైనస్ 2, సగటును సున్నా అనుకుంటే దానికి రెండు మెట్ల కింద. అంగన్‌వాడీలో ఎత్తుకైనా బరువుకైనా ప్రమాద హెచ్చరిక మొదలయ్యేది అక్కడే. తల్లీబిడ్డల కార్డులో బరువు చార్టుకు ఆకుపచ్చ, పసుపు, నారింజ పట్టీలుంటాయి. పసుపు మొదలయ్యేది మైనస్ 2 దగ్గర, నారింజ మైనస్ 3 దగ్గర. వయసుకు తగ్గ ఎత్తు మైనస్ 2 కన్నా తక్కువుంటే గిడసబారినట్టు లెక్క. ఇక్కడొక చిక్కుంది. ఏ లోపమూ లేని వందమంది పిల్లల్లోనూ ఇద్దరు ముగ్గురు ఈ గీత కిందే పడతారు, లెక్క తీరే అంత. కాబట్టి ఒక బిడ్డ గీత కింద ఉండటం జబ్బుకు రుజువు కాదు. 'వీణ్ని ఇంకాస్త దగ్గరగా చూడండి' అని చెప్పే చీటీ అది.

ఇదే 95 మన ఇళ్లకు ల్యాబ్ రిపోర్టుల రూపంలోనూ వస్తోంది. చాలా పరీక్షల పక్కన అచ్చువేసే 'రిఫరెన్స్ రేంజ్' ఆరోగ్యవంతుల్లో నడిమి 95 శాతం మంది ఉండే హద్దు. అంటే ఆరోగ్యంగా ఉన్న ప్రతి ఇరవై మందిలో ఒకరికి ఆ అంకె బోల్డులో వస్తుంది. పండగ ఆఫరని ఫుల్ బాడీ చెకప్ చేయించుకుంటాం. అందులో ఒకదానితో ఒకటి సంబంధం లేని పరీక్షలు ఇరవై ఉన్నాయనుకోండి. ఏ జబ్బూ లేకపోయినా కనీసం ఒక్కటి హద్దు దాటే అవకాశం 64 శాతం. 0.95ను ఇరవైసార్లు గుణించి ఒకటిలోంచి తీసేస్తే తేలే అంకె ఇది. షుగర్, చెడ్డ కొలెస్ట్రాల్ లాంటి వాటి హద్దులు మాత్రం ఈ కోవలోవి కావు. పరగడుపున షుగర్ 126 అన్న గీతను నూటికి ఎంతమంది అని చూసి గీయలేదు, ఆపైన ఏం ముప్పు వస్తుందో చూసి గీశారు. ఆ అంకెను 'ఇరవైలో ఒకరికి వచ్చేదేలే' అని వదిలేయకూడదు.

ఒక్క బిడ్డ విషయంలో ఇంత నసిగే ఈ సూత్రం ఊరు మొత్తం మీద మాత్రం కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడుతుంది. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో గిడసబారినవాళ్లు దేశంలో 35.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2, తెలంగాణలో 33.1. ఆర్నెల్ల పసివాణ్నీ నాలుగేళ్ల పిల్లనూ ఒకే లెక్కలో కలపగలిగింది సెంటీమీటర్లు వదిలేసి మెట్లలో కొలిచినందుకే. ఎవరి వయసుకు వాళ్ల సగటు, వాళ్ల మెట్టు.

ఈ 31.2 వినగానే మనకు కనిపించే బొమ్మ ఏమిటి? 31 మంది లోపం ఉన్న పిల్లలు, 69 మంది బాగున్న పిల్లలు. ఆ బొమ్మ తప్పని చెప్పడానికి ఈ సూత్రం ఒక్కటే చాలు, వెనక్కి నడపాలి అంతే. సగటు సున్నా దగ్గర ఉంటే మైనస్ 2 కింద 2.3 శాతం ఉండాలి. గంట మొత్తాన్నీ ఒక మెట్టు ఎడమకు జరపండి. ఇప్పుడు మైనస్ 2 గీత సగటుకు ఒక్క మెట్టు దూరంలోనే ఉంది కాబట్టి దాని కింద 16 శాతం. ఇంకో మెట్టు జరిపితే గీత సగటు మీదే పడుతుంది, సగం మంది కిందకు వస్తారు. మనకున్న 31 ఈ 16కూ 50కీ మధ్య. అంటే మన పిల్లల సగటే మైనస్ 1కీ మైనస్ 2కూ మధ్యకు జారి ఉండాలి. గంట రేఖకు లెక్కకట్టి పెట్టిన నార్మల్ పట్టిక చూస్తే ఇంచుమించు మైనస్ 1.5. అయిదేళ్ల వయసులో అది ఏడు సెంటీమీటర్లు. మొదట్లో తల్లిని గాభరాపెట్టిన 103 అక్కడ సగటు పిల్లాడి ఎత్తు అవుతుంది!

ఈ లెక్కలో ఒక ఊహ ఉంది: చెదురు మారలేదని. నిజానికి సర్వేల్లో చెదురు ఒక మెట్టుకన్నా ఎక్కువే ఉంటుంది. ధనిక పేద తేడాలు కొంత, కొలతల్లో పొరపాట్లు కొంత. ఒకటిన్నర మెట్లు ఉందనుకుంటే సగటు మైనస్ 1.25 దగ్గర తేలుతుంది. ఎటు చూసినా సున్నా దగ్గరకు రాదు. గీతకు పైన ఉన్న 69 మందిలోనూ చాలామంది తాము పెరగగలిగినంత పెరగలేదు. గీత కింద పడినవాళ్లు మాత్రమే లోపం ఉన్నవాళ్ల లెక్కలోకి ఎక్కుతారు.

గంట జరిగినప్పుడు అంచుల్లో జరిగేది ఇంకా తీవ్రం. సగటు ఒక మెట్టు దిగితే మైనస్ 2 కింద ఉండేవాళ్లు 2.3 నుంచి 16 శాతానికి, అంటే ఏడు రెట్లు పెరుగుతారు. మైనస్ 3 కింద ఉండేవాళ్లు 0.13 నుంచి 2.3కు, అంటే పదిహేడు రెట్లు. అత్యంత దయనీయంగా ఉన్న పిల్లలు ఎక్కడో వేరే లోకం నుంచి రారు, మొత్తం వరస కాస్త కిందికి జారితే చివర ఉన్నవాళ్లు గట్టు దిగిపోతారు.

దీని రెండో వైపు కూడా చూడాలి. తెలంగాణలో నాలుగో సర్వేలో 28 శాతం ఉన్నది అయిదో సర్వేకు 33.1 అయింది. అయిదు శాతం పెరగడం అంటే పతాక శీర్షికే. మెట్లలోకి మారిస్తే సగటు జారింది పావు మెట్టు కూడా కాదు. అయిదేళ్ల వయసులో సెంటీమీటరు, లేదా అంతకన్నా తక్కువ. రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి, ఆ పైవాళ్లను నిలబెట్టి కొలవాలి. ఒకే బిడ్డను పడుకోబెట్టి కొలిస్తే నిలబెట్టినదానికన్నా సగటున 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. తెలంగాణ పెరుగుదల కొలత పొరపాటని నేననడం లేదు. గీత దగ్గర జనం దట్టంగా ఉన్నప్పుడు అర సెంటీమీటరు కూడా శాతాల్ని ఊపేస్తుందని మాత్రం అంటున్నాను. ఏడుస్తూ మోకాళ్లు ముడుచుకునే పిల్లను ఒక్కతే కొలవాల్సి వచ్చే అంగన్‌వాడీ టీచర్‌కి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. మరీ అడ్డగోలు అంకెల్ని వడకట్టడానికీ ఈ రేఖే సాయం: ఎత్తు మైనస్ 6 కన్నా తక్కువ వచ్చిందంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధన ప్రకారం దాన్ని లెక్కలోంచి తీసేస్తారు. ప్రమాణంలోని పిల్లల్లో ఆరు మెట్ల కింద ఉండే అవకాశం వంద కోట్లలో ఒకటి. అంతకన్నా టీచరు 87ను 78 అని రాసి ఉండే అవకాశమే ఎక్కువ.

'మనవాళ్లు పుట్టుకతోనే పొట్టి, ఆ సగటు తెల్లవాళ్లది' అనే అభ్యంతరం ఎప్పుడూ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికకు ఆధారమైన 2006 ప్రమాణం వెనక ఆరు చోట్ల కొలిచిన సుమారు 8,500 మంది పిల్లలున్నారు: బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా, ఆరోది మన దక్షిణ ఢిల్లీ. తల్లి పొగతాగని, తల్లిపాలు సరిగా పట్టిన, ఇబ్బందుల్లేని కుటుంబాల పిల్లల్నే తీసుకున్నారు. పొడవులో మొత్తం తేడాల్లో దేశాల వల్ల వచ్చింది 3 శాతమే. ఒకే ఊళ్లో పిల్లకూ పిల్లకూ మధ్య తేడా దాదాపు 70 శాతం. అయినా వాదం ముగిసిపోలేదు. ఈ కొలబద్ద మన లోపాన్ని ఎక్కువ చేసి చూపుతోందని ఆర్థికవేత్త అరవింద్ పనగడియా 2013లో గట్టిగానే వాదించారు. అంతకు ముప్పై ఏళ్ల ముందే 'చిన్నగా ఉన్నా ఆరోగ్యమే' అనే సిద్ధాంతం వచ్చినప్పుడు, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు ఒకప్పుడు డైరెక్టరుగా ఉన్న సి. గోపాలన్ దాన్ని ఎదుర్కొన్నారు. పేదల విషయానికొచ్చేసరికే పొట్టితనం ఎందుకు సర్దుకుపోవాల్సిన సంగతవుతుందన్నది ఆయన ప్రశ్న. నేను గోపాలన్ వైపే.

ఇంతసేపూ ఎత్తు గురించే మాట్లాడటం కావాలని చేసిన పనే. ఎత్తు బుద్ధిమంతురాలు. బరువుకు ఇదే సూత్రం వేస్తే దెబ్బతింటాం. అయిదేళ్ల మగపిల్లల బరువుకు పట్టికలోని గీతలు మైనస్ 3 నుంచి ప్లస్ 3 దాకా వరసగా ఇవి: 12.4, 14.1, 16.0, 18.3, 21.0, 24.2, 27.9 కిలోలు. గీతకూ గీతకూ మధ్య దూరాలు చూడండి: 1.7, 1.9, 2.3, 2.7, 3.2, 3.7. మెట్లు సమానంగా లేవు, పైకి ఎక్కేకొద్దీ ఎత్తవుతున్నాయి. బరువు తగ్గడానికి కింద ఒక నేల ఉంది, పెరగడానికి పైన కప్పు లేదు. అందుకే గంట కుడివైపుకు సాగిపోయింది. ఇది గమనించకుండా, మధ్యలో ఉన్న 18.3 నుంచి మెట్టు 2.7 అనుకుని కిందికి రెండు మెట్లు దిగితే 12.9 దగ్గర ఆగుతాం. అసలు గీత 14.1. ఈ రెంటి నడుమ పడే 13.5 కిలోల పిల్లాణ్ని 'బాగానే ఉన్నాడు, తీసుకెళ్లండి' అని పంపించేస్తాం. పట్టిక తయారుచేసినవాళ్లు బరువుకు ముందుగా ఒక ఘాతం సవరణ చేసి, వంకరను సాపుచేసి, గంట ఆకారంలోకి తెచ్చాకే మెట్లు కట్టారు. ఎత్తుకు ఆ సవరణ అవసరం పడలేదు.

మన చేతిలోని కొలతలు గంటలాంటివో కావో తెలుసుకోవడానికి గీసి చూడటంకన్నా మేలైన దారి లేదు. గీసే తీరిక లేకపోతే ఒక మోటు పరీక్ష ఉంది: సగటులోంచి రెండు మెట్లు తీసేయండి. ఆదాయం, రోజువారీ వాన, ఇళ్ల ధరలు లాంటి వాటికి చాలాసార్లు జవాబు సున్నాకన్నా కిందికి పోతుంది. మైనస్ రూపాయల జీతం, మైనస్ సెంటీమీటర్ల వాన ఉండవు కాబట్టి అక్కడ 95 అన్న మాటే ఎత్తకూడదు. రెండు గుంపుల్ని కలిపేసినా ఇదే గొడవ: ఒకటో తరగతినీ అయిదో తరగతినీ కలిపి ఎత్తులు గీస్తే ఒంటె మూపుల్లా రెండు గుట్టలు లేస్తాయి. ఆకారం ఏదైనా చెల్లే హామీ ఒకటుంది, రష్యా గణితవేత్త చెబిషెవ్ పేరు మీద. రెండు మెట్ల లోపల కనీసం 75 శాతం, మూడింటిలోపల దాదాపు 89 శాతం. 95 ఎక్కడ, 75 ఎక్కడ. గంట ఆకారం ఉందని తెలియడం వల్ల మనకు కలిసొచ్చే లాభం ఆ తేడాయే.

హైటెక్ సిటీలో పనిచేసేవాళ్లు అప్రైజల్ నెలలో తిట్టుకునే బెల్ కర్వ్ దీనికి తలకిందుల వ్యవహారం. కొలతలు గంటలా వస్తే సూత్రం వాడాలి. అక్కడ పదిమంది టీముకు ముందే గంట గీసి, దాంట్లో ఇమిడేలా మనుషుల్ని కోస్తారు. పదిమందిని ఏరి కోరి ఉద్యోగంలోకి తీసుకున్నాక వాళ్లు గంట ఆకారంలో ఎందుకుండాలో ఏ గణితమూ చెప్పదు.

ఇప్పుడు మళ్లీ 103 సెంటీమీటర్ల పిల్లాడు, ఈసారి ఇద్దరు. ఇద్దరికీ అయిదేళ్లు, ఇద్దరూ మైనస్ 1.5 దగ్గరే, ఇద్దరూ గీతకు పైనే. పాత కార్డు తిరగేస్తే రెండేళ్లప్పుడు ఒకడు 82.5, ఇంకొకడు 86. ఆ వయసులో నిలబెట్టి కొలిస్తే సగటు 87.1, మెట్టు సుమారు 3. మొదటివాడు అప్పుడూ మైనస్ 1.5 దగ్గరే ఉన్నాడు, మూడేళ్లలో 20.5 సెంటీమీటర్లు పెరిగి తన దారిలోనే నడుస్తున్నాడు. రెండోవాడు అప్పుడు సగటుకు వేలెడు దూరం లోపే ఉన్నాడు. మూడేళ్లలో పెరిగింది 17 సెంటీమీటర్లే, ఒక మెట్టుకు పైనే దిగాడు. ఇవాళ్టి రిజిస్టరులో ఇద్దరి పేర్ల పక్కనా ఒకే అంకె ఉంటుంది. టీచరు కబురు పెట్టాల్సింది రెండోవాడి ఇంటికి.